ఫుడ్ హాల్ సుషీ, డిమ్ సమ్: ఆ మెసేజ్‌లో భయపడాల్సింది చివరి వాక్యానికే

ఫోన్ నుంచి ఫోన్‌కి తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది: "ఫుడ్ హాల్ స్టాల్లో సుషీ తినకండి. సుషీ అంటే పచ్చి చేప, కోరి ఆస్పత్రిపాలు కావడమే. పైగా అక్కడ వాడేది ఫ్రీజర్ చేప, తాజాది కాదు. తప్పదనుకుంటే వాసబీ దండిగా పెట్టుకోండి, క్రిములన్నీ చస్తాయి. డిమ్ సమ్ ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి దానికి భయం లేదు. కాకపోతే అందులో అజినమోటో ఉంటుంది, అది విషం. మిగిలితే పార్సిల్ కట్టించుకోండి, రాత్రికి వేడి చేసుకుని తినొచ్చు."

మొత్తం ఆరు మాటలు. నాలుగు తప్పు, ఒకటి సగం నిజం. చదివినవాళ్లు హమ్మయ్య అనుకునే ఆఖరి మాటే అన్నిటికంటే ప్రమాదం. అసలు చేటు చేసేది ఏ వేడిలో ఎంతసేపు ఉంచారన్నది. దాని గురించి ఇందులో ఒక్క ముక్క లేదు.

"సుషీ అంటే పచ్చి చేప."

కాదు. సుషీ అంటే వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం. దాని మీద, లోపల ఏం పెట్టారన్నది తర్వాతి సంగతి. అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కల పేరు సాషిమి. మామూలు స్టాల్ కౌంటర్‌ని ఒకసారి పరికించండి: ఎబి అంటే ఉడికించిన రొయ్య. తమాగో అంటే పొరలు పొరలుగా చుట్టిన గుడ్డు అట్టు. కప్పా మాకి అంటే కీరదోసకాయ. ఇనారి అంటే వేయించి తీపి సాస్‌లో ఉడికించిన టోఫు సంచి. ఉనాగి అనే మంచినీటి ఈల్ చేపని ఎప్పుడూ కాల్చే పెడతారు, దాని పచ్చి రక్తంలో ఉండే విషం వేడికి పోతుంది. కాలిఫోర్నియా రోల్‌లో సాధారణంగా ఉండే పీత కర్ర ఉడికిందే. అందులో పీత పేరుకే ఉంటుంది, నిజానికి తెల్ల చేప గుజ్జు, గుడ్డు తెల్లసొన, పిండి కలిపి చేసేది. గుడ్డు, గోధుమ పడనివాళ్లు ఈ కర్ర దగ్గరే ఎక్కువగా మోసపోతారు. శాకాహారులు తమాగో గురించి కూడా అడగాలి, గుడ్డులో ఎండు చేప నీళ్లు కలుపుతారు.

ఇక "స్టాల్లో" అని ముక్కు విరవడం గురించి. ఈ రోజు మనం చూసే నిగిరి, అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క, 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఎడో నగరంలో, ఇప్పటి టోక్యోలో, బళ్ల మీద నిలబడి తినే తిండిగానే పేరు తెచ్చుకుంది. బండి మీద పుట్టినదాన్ని బండి మీద తినకూడదనడం విడ్డూరం.

పచ్చిది అసలు తినకూడనివాళ్లు మాత్రం ఉన్నారు: గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా వయసు మళ్లినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు. వాళ్లు పైన చెప్పిన ఉడికిన రకాలు తీసుకోవచ్చు, అయితే పచ్చి చేప కోసిన కత్తితోనే, అదే చెక్క మీద రోల్ కోయకుండా చూసుకోవాలి. అడిగితే కత్తి మార్చే స్టాల్ దగ్గరే తినాలి.

"ఫ్రీజర్ చేప, తాజాది కాదు."

ఇది పూర్తిగా తిరగేసిన మాట. సముద్ర చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు. అది చావాలంటే చేపని బాగా వండాలి, లేదా గడ్డకట్టించాలి. అమెరికా ఆహార నియమావళి చెప్పే లెక్క: మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గట్టిపడ్డాక అదే చలిలో 15 గంటలు. గుళికల మేత మీద పెంచిన సాల్మన్‌కి, కొన్ని జాతుల ట్యూనాకి మినహాయింపు ఉంది. సాషిమి కోసం పట్టే ట్యూనాని చాలావరకు పడవలోనే మైనస్ 60 దాకా చల్లబరుస్తారు. కాబట్టి పచ్చిగా తినే చేప విషయంలో "ఇవాళ ఉదయం పట్టింది, ఫ్రీజర్ మొహమే చూడలేదు" అని ఎవరైనా గొప్పగా చెబితే భయపడాల్సింది అప్పుడే. ఇంటి ఫ్రిజ్ పైఅర మైనస్ 18 దగ్గర తచ్చాడుతుంది, తలుపు తీసినప్పుడల్లా అదీ నిలవదు. దాన్ని నమ్ముకుని ఇంట్లో పచ్చి చేప తయారు చేయకూడదు. "సుషీ గ్రేడ్" అనే లేబుల్‌కి కూడా అమెరికాలో చట్టపరమైన నిర్వచనం లేదు, అది అమ్మేవాళ్ల మాట.

అయితే గడ్డకట్టించడం పురుగుని చంపుతుంది గానీ బాక్టీరియాని చంపదు, నిద్రపుచ్చుతుంది. కరిగించేటప్పుడు బయట పెట్టేస్తే అవి లేస్తాయి. ట్యూనా, మాకరెల్ లాంటివి వెచ్చగా పడుంటే మాంసంలో హిస్టమిన్ అనే హాని చేసే రసాయనం పోగవుతుంది. అది ఒకసారి చేరాక ఫ్రీజర్‌కీ లొంగదు, పొయ్యికీ లొంగదు. నోట్లో పెట్టుకోగానే మిరియం నమిలినట్టు నాలుక చురచురలాడితే ఉమ్మేయండి. కాసేపట్లో ముఖం ఎర్రబడి, తల పగిలిపోయేలా నొప్పి వస్తే దాన్ని అలర్జీ అని పొరబడడం మామూలే.

రంగుని నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టించిన ట్యూనా పాడైనా ఎర్రగానే నిగనిగలాడుతుంది, యూరప్‌లో దీన్ని అనుమతించరు. అంచులు ఎండి గోధుమరంగుకి తిరిగాయా, ముక్క కింద నీరు మడుగు కట్టిందా, వేలితో నొక్కినట్టు మెత్తగా కూలిందా, ఇవి చూడండి.

ఇంతసేపూ చేప గురించే మాట్లాడాం, మెసేజ్ కూడా అంతే. అసలు దొంగ పక్కనే కూర్చుంది: అన్నం.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలుంటాయి. ఉడికించినా చావవు. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. సుషీ అన్నాన్ని గది వేడిలో ఉంచి వాడగలగడానికి కారణం వెనిగర్. పులుపుని కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది 4.6 కన్నా కిందికి దిగితే ఆ బీజాలు ఎదగడం చాలా కష్టం, జాగ్రత్తపరులు 4.2 దాకా దించుతారు. 300 గ్రాముల బియ్యానికి సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల బియ్యపు వెనిగర్, రెండు పెద్ద చెంచాల చక్కెర, ఒక చిన్న చెంచా ఉప్పు అనేది ఇళ్లలో పాటించే కొలత. స్టాల్‌లో కొలతతో ఆగకూడదు, పీహెచ్ కాగితంతోనో మీటర్‌తోనో చూడాలి. అన్నం పొగలు కక్కుతుండగానే పోయాలి, చల్లారాక పోస్తే పులుపు మెతుకులోకి ఇంకదు, పైన తడిగా జారుతుంది. గరిటెతో కలియబెట్టకుండా, చెక్క గరిటె అంచుతో కోస్తున్నట్టు తిప్పాలి, లేదంటే మెతుకు చితికి జావ అవుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, "పులుపు ఎక్కువైంది" అని కొనేవాళ్లు అన్నారని స్టాల్‌వాళ్లు వెనిగర్ తగ్గించేస్తారు. రుచి కొంచెమే మారుతుంది, రక్షణ మాత్రం మొత్తం పోతుంది. కొరికినప్పుడు అన్నం చప్పగా, మామూలు చల్లన్నంలా ఉంటే ఆ కౌంటర్ దగ్గర రెండో ముక్క వద్దు.

దీనికి విరుగుడుగా కొందరు అంతా ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతారు. ఆరోగ్యానికి సరే, నోటికి శిక్ష. చలికి అన్నంలో గంజి మళ్లీ గట్టిపడి మెతుకు సుద్దలా పిండిపిండిగా అవుతుంది. డబ్బా కొనేటప్పుడు దూరం నుంచే తెలుస్తుంది: మంచి మెతుకు మెరుస్తుంది, విడివిడిగా కనిపిస్తుంది. పాతది పాలిపోయి ఒకే దిమ్మలా ఉంటుంది, చుట్టూ ఉండే నోరి ఆకు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు, ముడతలు పడి అన్నాన్ని బిగబట్టి ఉంటుంది, మూత లోపల నీటి చుక్కలుంటాయి. కట్టిన సమయం రాసి ఉన్న డబ్బానే తీయండి. కళ్ల ముందు చుట్టి ఇచ్చేచోట ఉంటే డబ్బా జోలికే పోకండి.

"వాసబీ క్రిముల్ని చంపుతుంది."

ప్రయోగశాలలో వాసబీ ఘాటు కొన్ని బాక్టీరియాల ఎదుగుదలని అడ్డుకుంటుంది, నిజమే. ముక్క మీద రాసి మూడు సెకన్లలో మింగేసేదానికి ఆ లెక్క పనికిరాదు. పైగా స్టాళ్లలో ఇచ్చే ఆకుపచ్చ ముద్ద ఎక్కువగా హార్స్‌రాడిష్ దుంప, ఆవపిండి, రంగు. దాన్ని సోయా సాస్‌లో కలిపి బురద చేస్తే ఘాటు కూడా పోతుంది. చేప మీద కందిపప్పు బద్దంత పెట్టి, ముక్కని తిప్పి చేప వైపు మాత్రమే సాస్‌లో తాకించండి. అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోయి గిన్నెలో తేలుతుంది. చేత్తో తింటే ఇది చాప్‌స్టిక్స్‌తో కన్నా తేలిక, నిగిరిని చేత్తో తినడం జపాన్‌లో తప్పేమీ కాదు. ఊరబెట్టిన అల్లం ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి, నంజుకోవడానికి కాదు.

"డిమ్ సమ్ ఆవిరి మీద ఉడుకుతుంది, భయం లేదు."

సగం నిజం. డిమ్ సమ్ అంటే చైనావాళ్ల చిన్న చిన్న తినుబండారాలు, ఎక్కువగా పిండి పొరలో కూరు పెట్టి ఆవిరికి ఉడికించే డంప్లింగ్‌లు. ఆవిరి 100 డిగ్రీలే, కానీ అది బుట్టది, ముద్ద నడుమది కాదు. ఖీమా చేసిన పంది మాంసం నడుమ 71 డిగ్రీలు, కోడి మాంసం 74 తాకాలి. వెదురు బుట్టలు ఐదారు ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నీ ఒకేసారి దించితే కింది బుట్టకీ పై బుట్టకీ తేడా వస్తుంది. బుట్టలో ముక్కలు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటే ఆవిరి తిరగడానికి సందు ఉండదు. గట్టి మంట మీద హర్ గావ్ అనే రొయ్య డంప్లింగ్‌కి 6, 7 నిమిషాలు, షూ మై అనే పైన తెరిచి ఉండే ఖీమా డంప్లింగ్‌కి 8 దాకా, పచ్చి పిండితో చేసిన బావ్ అనే మెత్తటి బన్‌కి 10 నుంచి 12. ఫ్రీజర్ నుంచి తీసినవైతే ఇంకో రెండు మూడు నిమిషాలు. వాటిని ముందు కరగనిస్తే పైపొర తడిసి కాగితానికి అంటుకుపోతుంది, గడ్డగానే ఆవిరికెక్కించాలి.

హర్ గావ్‌ని దగ్గరగా చూడండి, స్టాల్ ఎలాంటిదో అదే చెప్పేస్తుంది. దాని పైపొర మామూలు గోధుమపిండి కాదు. గ్లూటెన్ తీసేసిన గోధుమ గంజిపిండి రెండు మూడు వంతులకి కర్రపెండలం గంజిపిండి ఒక వంతు కలిపి, సలసల మరిగే నీళ్లు పోసి చేసిన ముద్ద. నీళ్లు మరగకపోతే పిండి ఉడకదు, మడత పెట్టేచోట పగుళ్లిస్తుంది. సరిగ్గా ఉడికినదాంట్లోంచి గులాబీ రంగు రొయ్య కనిపిస్తుంది. రొయ్య బూడిదరంగుగా, గాజులా ఉంటే ఇంకా ఉడకలేదు. మూత తీశాక ఒక నిమిషం ఆగితే పొర బిగుసుకుని ఎత్తినా చిరగదు. అరగంట ఆవిరి మీదే వదిలేస్తే జిగురై అడుగు కాగితానికే ఉండిపోతుంది, రసం కారిపోతుంది. చల్లారితే తెల్లగా మసకబారి రబ్బరవుతుంది. అంటే దాని మంచి ఆయుష్షు ఐదు నిమిషాలు. నోరి ఆకుతో చుట్టిన హ్యాండ్ రోల్ కరకర అంతకన్నా తక్కువ. అందుకే రెండూ ఒకేసారి ఆర్డర్ చేయడం దండగ. ఒకటి తిని, రెండోది చెప్పండి.

బావ్ కొరికితే పళ్లకి అంటుకుంటే లోపల పచ్చి. షూ మైని చాప్‌స్టిక్స్‌తో రెండుగా విరిస్తే నడుమ నుంచి పొగ రావాలి. షాంఘై వైపు నుంచి వచ్చిన సూప్ డంప్లింగ్‌లో గడ్డకట్టిన రసం ఆవిరికి కరిగి మరుగుతూ ఉంటుంది. చెంచాలో పెట్టుకుని పక్కన చిన్న చిల్లు కొరికి, రసం జుర్రుకున్నాకే మిగతాది. ఒక్క గుటకలో వేసుకున్నవాళ్ల అంగిలి వారం రోజులు గుర్తుంచుకుంటుంది.

కూరగాయల డంప్లింగ్ అని రాసి ఉన్నా ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్, పంది కొవ్వు ఉండొచ్చు. "మాంసం ఉందా" అని కాదు, ఆ రెండు పేర్లూ చెప్పి అడగండి.

"అజినమోటో విషం."

అది ఒక కంపెనీ పేరు, పదార్థం మోనోసోడియం గ్లూటమేట్. 1908లో కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి దాని రుచిని వేరు చేశాడు. టమాటాలో, చీజ్‌లో, సోయా సాస్‌లో గ్లూటమేట్ సహజంగానే ఉంటుంది. భయం మొదలైంది 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన పాఠకుడి ఉత్తరంతో. అమెరికా ఆహార సంస్థ ప్రకారం ఏ తిండీ లేకుండా 3 గ్రాములు, ఆపైన తీసుకున్న కొద్దిమందిలో కాసేపు తలనొప్పి లాంటివి కనిపించాయి. ఒక వంటకంలో పడేది మామూలుగా అర గ్రాము లోపే. నిజంగా లెక్క చూసుకోవాల్సింది చిన్న గిన్నెలో పోసుకునే సోయా సాస్: ఒక పెద్ద చెంచాలో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే హద్దు 2,000.

"పార్సిల్ కట్టించుకుని రాత్రికి వేడి చేసుకోండి."

ఈ ఒక్క వాక్యం చెరిపేసినా మెసేజ్ సగం బాగుపడుతుంది. బాసిల్లస్ సీరియస్ వాంతులు తెప్పించే విషాన్ని ఒకసారి తయారు చేశాక మైక్రోవేవ్ దాన్ని కదిలించలేదు. బాక్టీరియా చస్తుంది, విషం ఉంటుంది. హిస్టమిన్‌ది కూడా అదే కథ. పచ్చి చేప ఉన్న సుషీ కౌంటర్ దాటాక రెండు గంటల్లోపు తినాలి, లేదా పారేయాలి. మిగులుతుందనిపిస్తే ఎనిమిది ముక్కల బదులు నాలుగు తీసుకోండి.

డంప్లింగ్‌లు మాత్రం దాచుకోవచ్చు. రెండు గంటల్లోపు 5 డిగ్రీల ఫ్రిజ్‌లోకి చేరాలి, మరుసటి రోజులోపు అయిపోవాలి. ఒకదానికొకటి తగలకుండా నూనె రాసిన కాగితం మీద పరిచి, నీళ్లు మరిగాక నాలుగైదు నిమిషాలు ఆవిరికి పెట్టండి. ఒకటి విరిచి చూసి, నడుమ పొగ రాకపోతే ఇంకో రెండు నిమిషాలు.