దలైలామాను ఎంచే హక్కు బీజింగ్‌కు ఎవరిచ్చారు?

దేవుడు లేడనేది చైనా కమ్యూనిస్టు పార్టీ సిద్ధాంతం. పార్టీ సభ్యులెవరూ ఏ మతాన్నీ పాటించకూడదనేది దాని కట్టుబాటు. అలాంటి పార్టీ, కాలం చేసిన లామా (టిబెట్ బౌద్ధ గురువు) మళ్లీ ఎవరి కడుపున పుట్టాడో తేల్చాల్సింది మేమేనంటోంది. 2007లో ‘ఐదో నంబరు ఉత్తర్వు’ తెచ్చి దానికి చట్టం ముద్ర కూడా వేసింది. సర్కారు అనుమతి లేనిదే లామా పునర్జన్మ చెల్లదట!

2025 జులై 2న, తొంభయ్యో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, దలైలామా సూటిగా చెప్పేశారు. తన తర్వాత కూడా ఆ పీఠం కొనసాగుతుంది, వారసుడిని గుర్తించే అధికారం తన గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుదే. బీజింగ్ అదే రోజు కాదంది. 1950లో టిబెట్‌లోకి చైనా సైన్యం రావడం, టిబెట్‌ను చైనాలో భాగంగా చూపిన 1951 నాటి పదిహేడు అంశాల ఒప్పందం, 1959 మార్చిలో దలైలామా కొండలు దాటి భారత్‌లో అడుగుపెట్టడం అందరికీ తెలిసినవే. ఆ నేల కోసం మొదలైన తగువు ఇప్పుడు ఆ జాతి గుండెకాయ దాకా వచ్చింది.

ఇదెంత దూరం వెళ్తుందో తెలియాలంటే 1995 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే 14న గెదున్ చోకీ నీమా అనే ఆరేళ్ల పిల్లవాడిని టిబెట్ బౌద్ధంలో దలైలామా తర్వాత అంతటి పెద్ద అయిన పంచెన్ లామాకు 11వ అవతారంగా దలైలామా ప్రకటించారు. మూడు రోజులకే ఆ పిల్లవాడినీ, తల్లిదండ్రులనూ అధికారులు పట్టుకుపోయారు. ఆ తర్వాత బయటివాళ్లెవరూ ఆ బిడ్డను చూడలేదు. ఆ పిల్లవాడిని వెతికిన బృందానికి పెద్దగా ఉన్న చాద్రెల్ రింపోచేను జైల్లో పెట్టారు. నవంబరులో టిబెట్ రాజధాని లాసాలోని జోఖాంగ్ ఆలయంలో బంగారు కలశంలో పేర్లున్న పుల్లలు వేసి, ఒకటి తీసి, మరో పిల్లవాడిని పంచెన్ లామా అన్నారు. ఎందుకింత పట్టుదల? సంప్రదాయం ప్రకారం కొత్త దలైలామాను గుర్తించడంలో పంచెన్ లామాది పెద్ద పాత్ర. ముందు తాళంచెవి చేజిక్కించుకున్నారు, ఇప్పుడు తలుపు దగ్గరికొచ్చారు.

బీజింగ్‌కూ ఒక వాదన ఉంది. కలశం పద్ధతిని 1793లోనే చైనాను ఏలిన చింగ్ వంశపు చక్రవర్తి పెట్టాడనీ, తాము వచ్చాకే భూస్వాముల పెత్తనం పోయిందనీ, 2006లో లాసాకు రైలు వచ్చిందనీ అంటుంది. పాత టిబెట్ స్వర్గమని నేననను. రైలు వచ్చిన మాటా నిజమే. కానీ 13వ దలైలామాను, ఇప్పుడున్న 14వ దలైలామాను ఆ కలశంతో ఎంచలేదు. పైగా రాచరికాన్ని ఈసడించే పార్టీ ఆ చక్రవర్తి కలశాన్నే పట్టుకుని హక్కు అడగడమేంటి?

ఈ గొడవ మనకెందుకు అనుకునే తెలుగువాళ్లకు ఒక మాట చెప్పాలి. లాసా పక్కన 1416లో కట్టిన డ్రెపుంగ్ మఠం పేరుకు ధాన్యపు రాశి అని అర్థం. అది మన ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతం పేరే. బుద్ధుడు కాలచక్రం అనే తాంత్రిక బోధను మొదట చెప్పింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి అమరావతి వచ్చింది అందుకే. మనం మేకలు మేపుకునే దిబ్బగా చూసిన ఆ స్తూపం చుట్టూ ముదురెరుపు బట్టల భిక్షువులు సాష్టాంగపడుతూ తిరిగారు.

ఆ వారసత్వాన్ని మనమెలా చూసుకున్నాం? స్తూపం రాళ్లను ఇళ్లకూ గుళ్లకూ పీక్కెళ్లాం. మిగిలిన మంచి శిల్పాల్లో చాలా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు పోయాయి. బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి పేరు మోసే కొండ చుట్టూ ఉన్న లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. ఆయన తర్కం మాత్రం బతికే ఉంది. 1959 తర్వాత తప్పించుకొచ్చిన డ్రెపుంగ్ భిక్షువులు కర్ణాటకలోని ముండగోడులో మఠాన్ని మళ్లీ కట్టుకున్నారు. అక్కడి వాకిట్లో తర్కం సాధన చేసే ఒక కుర్రాడు నేల మీద కూర్చుంటే, ఎదురుగా నిలబడ్డవాడు కాలు నేలకేసి కొట్టి, చప్పట్లు చరిచి ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నలు నాగార్జునుడివి. మనం పోగొట్టుకున్నదాన్ని వాళ్లు వెయ్యేళ్లుగా నోటికి పట్టి కాపాడారు. దాన్నిప్పుడు ఒక ఆఫీసులో రబ్బరు స్టాంపు కింద పెడతామంటే మనం ఊరుకోవాలా?

మత విశ్వాసాల మీద తమకు వైఖరేమీ లేదని ఢిల్లీ 2025 జులైలో చెప్పింది. టిబెట్ చైనాలో భాగమని 2003లోనే ఒప్పుకుంది. సరిహద్దు టెన్షన్లు, వ్యాపార లెక్కలు దానికుంటాయి. అయినా ఆరేళ్ల పిల్లవాడి ఆచూకీ అడగడానికి ఏ ఒప్పందమూ అడ్డు రాదు. అమరావతి పేరు పెట్టుకున్న రాజధాని నుంచి, అక్కడి శాసనసభ నుంచి ఆ ప్రశ్న వెళ్లాలి. ఆ పిల్లవాడికి ఇప్పుడు ముప్పై అయిదేళ్లు దాటాయి. గెదున్ చోకీ నీమా ఎక్కడ?