అంతా కుదుటపడ్డాక కొందామంటే ఆలస్యమే

ఆర్థిక వ్యవస్థ కోలుకుంటుందో లేదో తేలేదాకా నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కొంత కొంత పెట్టే సిప్‌లు ఆపేయమని రాశారు కదా సార్, నేను అస్సలు ఒప్పుకోను. 2020 మార్చి 23న షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 26 వేల కిందికి పోయింది. ఏప్రిల్-జూన్‌లో జీడీపీ దాదాపు 24 శాతం తగ్గిందని ఆగస్టు చివర్లో లెక్క బయటికొచ్చే సరికి అదే సెన్సెక్స్ 38 వేల పైన ఉంది, 2021 జనవరిలో 50 వేలు తాకింది. మంచి వార్త పేపర్లో వచ్చేదాకా మార్కెట్ ఆగదు.

అలాగని ఉన్నదంతా పెట్టేయమనను. మా అనంతపురం వైపు వేరుశనగ మీద బతికే ఇళ్లల్లో రాబడే వానను బట్టి ఉంటుంది, వాళ్లు ఏడాది ఖర్చులు, పిల్లల ఫీజులు బ్యాంకులోనే ఉంచుకోవాలి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంది.

నా భయమంతా ఆప్షన్ల గురించి, అంటే ఫలానా గడువులోగా సూచీ ఎటు పోతుందోనని కాసే పందెం లాంటివి. ధర్మవరంలో మా తోడల్లుడి కొడుకు మగ్గం మీద చీర సగంలో ఆపి ఫోన్‌లో నిఫ్టీ సూచీ చూస్తుంటాడు, ఒక పూటలో ఆ చీర కూలి అంతా పోగొట్టి "మళ్లీ లేస్తుందిలే పెదనాయనా" అన్నాడు. సూచీ తర్వాతెప్పుడో లేచినా గడువు దాటిన ఆప్షన్ లేవదు కదా! 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యాపారం) చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. సిప్‌లు ఆపమనే బదులు దీని గురించి రాయండి సార్, మా ఊళ్లలో పిల్లలకు చదివిస్తాను.