పార్కులోని లాన్ గారికి, కూరగాయల బ్యాచ్ రాసుకున్న ఉత్తరం

లాన్ గారికి నమస్కారం.

మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. పొద్దున ఆరింటికి కిటికీ తెరిస్తే ముందు కనబడేది మీ స్నానమే. వాచ్‌మన్ నీలం పైపు భుజాన వేసుకుని, మూతి దగ్గర బొటనవేలు నొక్కిపట్టి, మీకు ఒళ్లంతా తడిసేలా నీళ్లు కొడుతుంటాడు. ఏప్రిల్‌లో మా మూడో అంతస్తుకు రోజు విడిచి రోజు నీళ్లొచ్చాయి. మీకు మాత్రం ట్యాంకర్ వచ్చింది. మీ మీద అసూయ లేదంటే అబద్ధమవుతుంది.

మేం హైదరాబాద్‌లో నాగోలు వైపు కాలనీవాళ్లం, పదకొండు మందిమి. అందరూ మమ్మల్ని ‘కూరగాయల బ్యాచ్’ అంటారు. అది మెచ్చుకోలు కాదని మాకూ తెలుసు. మేం అడిగిందల్లా మీరున్న జాగాలో ఓ మూల 200 గజాలు. దాన్ని మడులు చేసి, ఏడాదికోసారి చీటీలు తీసి, ఇంటికో మడి ఇవ్వమన్నాం. గోడ వద్దు, షెడ్డు వద్దు. తోటకూర, పాలకూర, పుంటికూర, వానాకాలంలో బెండ, అలసంద, ఓ పందిరి మీద చిక్కుడు. ఇంతే మా కుట్ర.

కాలనీ సంఘం మీటింగ్‌లో నేనే నోరు జారాను. ఇంగ్లండ్‌లో దీనికి 1908లోనే చట్టం ఉందని, ఓటున్న ఆరుగురు కలిసి రాసిస్తే చాలు, అక్కడి కౌన్సిల్ ఆ కోరికను పరిశీలించి తీరాలని చెప్పాను. ఆరుగురికే అంత మర్యాద! మేం అరవై సంతకాలు తెచ్చాం, అవి ఏ సొరుగులో నిద్రపోతున్నాయో. అంతటితో ఆగినా బాగుండేది. అక్కడ ఒక్కో తోటమడి మామూలుగా 250 చదరపు మీటర్లుంటుందని కూడా చెప్పాను. వెనక వరసలో ఒకాయన ఫోన్‌లో లెక్కేసి, “అంటే 300 గజాలు!” అన్నాడు. హాల్లో గాలి మారిపోయింది. 300 గజాల్లో క్యాబేజీ వేసుకునే మనుషులు భూమ్మీద ఉన్నారని మావాళ్లు నమ్మలేకపోయారు. “ఈస్ట్ ఫేసింగా?” అని ఒకరు, “గజం ఎంత నడుస్తోంది?” అని ఇంకొకరు. ఆ తర్వాత కూరగాయల మాట ఎవరూ ఎత్తలేదు.

చివర్లో సెక్రటరీ గారు లేచారు. “ఇవాళ బెండకాయ అంటారు, రేపు కంచె అంటారు, ఎల్లుండి బోరు, ఆ తర్వాత జీ ప్లస్ టూ” అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన భయం ఉత్తదేం కాదు. నాలుగు కడీలు పాతి, రెండు బర్రెల్ని కట్టేసి, జాగా తమదే అన్నవాళ్ల కథలు ఈ ఊళ్లో బస్తీకొకటి దొరుకుతాయి. మీ గొప్పదనం నాకు అప్పుడే అర్థమైంది లాన్ గారూ. మిమ్మల్ని ఎవరూ వండుకోలేరు. బర్రెకు కూడా పెట్టనివ్వరు, కోసిన గడ్డి కవర్లలో కట్టి చెత్త ఆటోకెత్తుతారు. అందుకే మీ మీద ఎవరికీ అనుమానం రాదు. పనికొచ్చే మొక్క పెడితే కబ్జా, పనికిరానిది పెడితే సుందరీకరణ.

ఇది తోటల ఊరు, మీకు తెలుసో లేదో. బాగ్ అంటే తోటే కదా. ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట్లో మూసారాము అయితే, ఆ పేరుతో మూసారాంబాగ్ వెలిసింది. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్‌అంబర్‌పేట... ఇప్పుడు వాటిలో ఏడాది పొడవునా కాసేది టులెట్ బోర్డులే.

మరి ఆకుకూరలు ఎక్కణ్నుంచి వస్తున్నాయంటారా? బండి అతన్ని అడిగితే మూసీ వైపు చెయ్యి చూపిస్తాడు. అదే చేత్తో కట్టల మీద నీళ్లు చల్లుతాడు. మేం ఇంకో ప్రశ్న వెయ్యం. పుంటికూర రెండు కట్టలు తీసుకుని, ఇంటికొచ్చి ఉప్పునీళ్లలో నాలుగుసార్లు కడిగి, దేవుడి మీద భారం వేస్తాం.

సరే, అసలు విషయానికొస్తాను. ఇది మీకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు.

మొన్న రెండు వానలు పడ్డాక మీ మధ్యలో ఎర్రటి కాడలతో, చిన్న చిన్న మందపాటి ఆకులతో ఏదో నేలబారుగా పాకింది. మాలి దాన్ని పీకి కుప్ప పోస్తున్నాడు. మా బ్యాచ్‌లో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ ఉంది. ఆమె గేటు దాటి, చెప్పులు విడిచి, నేరుగా మీ మీద నడుచుకుంటూ వెళ్లింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. “అమ్మా, గడ్డి తొక్కొద్దు, బోర్డు చూడలే?”

“గడ్డెక్కడిది బిడ్డా? గంగవాయిలి” అంది, కుప్ప ముందు గొంతుక్కూచుని. మట్టి దులిపి, వేర్లు తుంచి, లేత కొసలన్నీ కొంగులో వేసుకుంది. పది నిమిషాల పని. మాలి కూడా ఓ గుప్పెడు ఏరిచ్చాడు.

ఆ మధ్యాహ్నం కందిపప్పులో ఆ ఆకు వేసి, చింతపండు పిండి, ఎల్లిపాయ పోపు పెట్టింది. మా అందరికీ తలో గరిటె. ఓ స్టీలు గిన్నెడు సెక్రటరీ గారింటికి కూడా పంపింది, ఆ ఆకు ఎక్కడిదో చెప్పకుండా.

మర్నాడు సెక్రటరీ గారే గిన్నె కడిగి పట్టుకొచ్చారు. గుమ్మంలో నిలబడి, కాస్త మొహమాటంగా అడిగారు:

“పెద్దమ్మా, ఈ కూర ఏ రైతుబజార్‌లో దొరికింది?”

ఇట్లు,
పెద్దమ్మ తప్ప ఇంతవరకు మీ మీద కాలు పెట్టని
కూరగాయల బ్యాచ్