‘ముప్ఫై ఏళ్లొచ్చినా ఐదేళ్ల పసివాడే’ అనే మాట ఎందుకు తప్పంటే

డౌన్ సిండ్రోమ్ లాంటి మేధో వైకల్యం ఉన్నవాళ్ల గురించి వాట్సాప్‌లో తెగ తిరిగే మాటలివి: ఒళ్లు పెరుగుతుంది గానీ బుద్ధి ఐదేళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఏం కావాలో వాళ్లకే తెలియదు, డబ్బు చేతికివ్వకూడదు, సంతకం ఎప్పటికీ అమ్మానాన్నలదే. ప్రేమతోనే పంపుతుంటారు. అయినా వీటివల్ల జరిగే చెరుపు చిన్నది కాదు.

‘బుద్ధి ఐదేళ్లది’

తెలివితేటల పరీక్షలో ఆ మనిషికొచ్చిన మార్కులు సగటు ఐదేళ్ల పిల్లల మార్కులకు సమానమని, అంతవరకే దాని అర్థం. ముప్ఫై ఏళ్ల అనుభవం, ఇష్టాయిష్టాలు, వయసు తెచ్చే కోరికలు ఆ అంకెలోకి రావు. అందుకే 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే అమెరికన్ మార్గదర్శక గ్రంథం) వైకల్య తీవ్రతను ఐక్యూతో కాకుండా, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసి నిర్ణయించమంది. పసివాడే కదా అని వచ్చినవాళ్లందరినీ కౌగిలించుకోవడం అలవాటు చేస్తే పాతికేళ్లకు అదే ముప్పు: తాకరానివాళ్లు తాకినా అడ్డు చెప్పడం తెలియదు. బయటివాళ్లకు నమస్కారం చాలని చిన్నప్పుడే నేర్పాలి.

‘ఏం కావాలో తెలియదు’

తెలుసు. మనం అడిగే తీరులోనే తప్పుంది. ‘టీ తాగుతావా?’ అంటే ఎదుటివాళ్లను సంతోషపెట్టడానికి చాలామంది ‘ఊ’ అనేస్తారు. ‘టీయా, కాఫీయా?’ అనండి. కొందరు చివర విన్న మాటనే తిరిగి అంటారు కాబట్టి, కాసేపాగి ‘కాఫీయా, టీయా?’ అని వరస మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకటే చెబితే అది వాళ్ల ఎంపికే. మాటలు తక్కువైనవాళ్లకు రెండూ ఎదురుగా పెట్టి చూపించండి. అడిగాక పది సెకన్లు ఆగాలి. ఈలోపు ప్రశ్న మార్చి అడిగితే ఆలోచన మళ్లీ మొదటికొస్తుంది. హోటల్లోనైనా ఆసుపత్రిలోనైనా ‘ఈయన ఏం తింటాడు?’, ‘ఎక్కడ నొప్పట?’ అని పక్కవాళ్లను అడగడం మానేయాలి. ఆయన ఎదురుగానే ఉన్నాడు.

‘డబ్బు ఇవ్వకూడదు’

కూడికలు రాకపోయినా కొనడం వస్తుంది. పర్సులో పది రూపాయల నోట్లే పెట్టండి. ధరలో ఎన్ని పదులున్నాయో అన్ని నోట్లు, పైన ఇంకొకటి. బిల్లు 34 అయితే మూడు, ఇంకొకటి, మొత్తం నాలుగు. సరిగ్గా 30 అయినా నష్టం లేదు, పది తిరిగొస్తుంది. చిల్లర లెక్క తర్వాత నేర్పొచ్చు. బొమ్మ నోట్లతో నేర్పితే అసలు నోటు దగ్గర తడబడతారు. పదులు బాగా అలవాటు కాకముందే ఇరవైలు కలిపితే ఉన్నదీ పోతుంది. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది, దుకాణదారు చిల్లరను తోడొచ్చినవాళ్ల చేతిలో పెట్టడం. ముందే వెళ్లి ఆయనకు చెప్పి ఉంచండి.

‘వాడింతే, వాడి స్వభావమే అంత’

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. హుషారుగా ఉండే మనిషి మాట తగ్గించి, మగతగా ఉంటున్నాడంటే కారణం వెతకాలి. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ లోపం ఎక్కువ, అందుకే ఏటా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించాలి. చెవి రంధ్రాలు సన్నగా ఉండి గులిమి అడ్డుపడుతుంది. పిలిస్తే పలకడం లేదంటే మొండితనం అనుకునేముందు చెవులు చూపించండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే పగలంతా మత్తుగా ఉంటుంది. నలభై దాటాక వచ్చిన పనులు మరచిపోతుంటే అల్జీమర్స్ కావచ్చు, వీళ్లకది తొందరగా వస్తుంది.

‘సంతకం అమ్మానాన్నలదే’

18 నిండితే ఆ అధికారం దానంతటదే కొనసాగదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం చట్టం ముందు అందరితో సమానమైన గుర్తింపు వీళ్లదీ. 14వ సెక్షన్ చెప్పే పరిమిత సంరక్షకత్వం (సంరక్షకుడు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు) ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువుకే, అదీ ఆ వ్యక్తి ఇష్టప్రకారమే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడి కోసం జిల్లా కమిటీకి దరఖాస్తు చేసినా, సంరక్షకుడు అసలు అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కమిటీ చూడాల్సిందే. కాబట్టి దరఖాస్తులో ‘అన్ని వ్యవహారాలకూ’ అని రాయకండి. ఫ్లాట్ అమ్మకానికి తోడు కావాలంటే ఆ అమ్మకం ఒక్కటే రాయండి.