పంచదార గారి అజ్ఞాతవాసం

నేను టీలో పంచదార మానేసి మూడు నెలలైంది. ఈ సంగతి ఆఫీసులో అందరికీ, వాచ్‌మన్‌కి, చుట్టాల వాట్సాప్ గ్రూపుకి కూడా తెలియజేశాను. చప్పటి టీ గుక్కగుక్కా తాగుతూ పక్కనోళ్ళ కప్పులోకి జాలిగా చూడటంలో ఉండే సుఖం వేరే లెండి. తోడుగా నాలుగు మారీ బిస్కెట్లు, అవి హెల్దీ కదా.

మొన్న కరెంటు పోయి, పనేం లేక, ఫోన్ టార్చ్ వేసి ఆ ప్యాకెట్ వెనకాల చదివా. చీమ తలకాయంత అక్షరాలు. పంచదార ఒకచోట దొరికింది సరే, దాని వెనకాలే ఇన్వర్ట్ సిరప్ అట, లిక్విడ్ గ్లూకోజ్ అట, ఎవరబ్బా వీళ్ళు అని గూగుల్ చేస్తే అంతా ఒకింటి వాళ్ళే, ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా విరాటుడి కొలువులో దూరినట్టు. పాండవులకి ఏడాదే, వీళ్ళకి ఎక్స్‌పైరీ డేట్ దాకా. వేషానికి కారణం లేకపోలేదు. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలని రూలు, అంతా పంచదార పేరు మీదే వస్తే పిండి పక్కన పీటేసుకుని కూర్చోవాలి, అదే ముగ్గురుగా విడిపోతే తలో మూలా సర్దుకోవచ్చు. రేషన్ కార్డు కోసం ఉమ్మడి కుటుంబాలు వేరు కాపురం పెట్టలేదా, అలాగే. పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ గారైతే లేబుల్ లెక్కలో అసలు షుగరే కాదు, ఒంట్లోకెళ్ళాకే గ్లూకోజ్ అవుతారు.

డబ్ల్యుహెచ్‌ఓ వాళ్ళు రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు దాటకపోతే మేలంటారు. 300 ఎంఎల్ కోలా ఒక్కటి తాగితే ఆ కోటా అయిపోయినట్టే. అయినా కోలాని నేనేమీ అనను, పాపం అది పగలే తిరిగే దొంగ. డాక్టర్ కోటేసుకుని వచ్చేవాళ్ళతోనే తంటా.

మా తమ్ముడి కొడుక్కి విరేచనాలైతే నేనే మెడికల్ షాపుకి పరిగెత్తి ఓఆర్‌ఎస్ అడిగా, ఆపిల్ ఫ్లేవర్ డబ్బా చేతిలో పెట్టాడు. వాడు గటగటా తాగేసి ఇంకోటి కావాలన్నాడు, మందు భలే పనిచేస్తోందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఇలాంటి డబ్బాల్లో కొన్నిట్లో లీటరుకి 100 గ్రాముల పైనే పంచదార, అంత తీపి పేగుల్లోకి నీళ్ళు లాగి ఉన్న విరేచనాలని ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడితే, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అసలు ఓఆర్‌ఎస్ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దంది. మూడక్షరాలు చెరపడానికి ఎనిమిదేళ్ళు! అక్షరానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు పడింది, మన ఫ్లైఓవర్లతో పోలిస్తే స్పీడే.

ఇంకో దెబ్బ 2024 ఏప్రిల్‌లోనే తగిలింది. హెల్త్ డ్రింక్ అనే మాటే చట్టంలో లేదు, పాలల్లో కలుపుకునే పొడుల్ని ఆ పేరు కింద అమ్మొద్దని కేంద్రం ఆన్‌లైన్ షాపులకి చెప్పింది. మరి చిన్నప్పుడు గ్లాసుకి రెండు స్పూన్ల పొడి, పైన ఇంకో స్పూన్ పంచదార వేయించుకుని, పొడుగవుతామని తలుపు పక్క గోడ మీద పెన్సిల్ గీతలు గీసుకున్న మేం ఎవరికి చెప్పుకోవాలి?

ఇదంతా టైప్ చేస్తుంటే అమ్మ టీ తెచ్చింది. ఒక గుక్క తాగా, తియ్యగా తగిలింది.

"అమ్మా, పంచదార వేశావా?"

"ఛ ఛ, నువ్వు మానేశావుగా నాన్నా. బెల్లం వేశా."