కొలవని గాలికి సంతకాలా?

విజయవాడ శివార్ల నుంచి రాజధాని గ్రామాల మీదుగా గుంటూరు దాకా అద్దాల గోడల భవనాలు వరసగా లేస్తున్నాయి. గోడలు సగం లేవకముందే ప్రారంభోత్సవాల తేదీలు ఖరారైపోతున్నాయి. ఆ తేదీ అందుకోవాలన్న హడావుడిలో అప్పగింత ఫైలులోకి ఒక కాగితం చడీచప్పుడు లేకుండా వచ్చి చేరుతుంది. కిటికీల చుట్టూ, పైపుల చుట్టూ, గోడ కీళ్ల దగ్గర అంతా సీల్ చేయడమైనదని కాంట్రాక్టరు రాసిస్తాడు. ఇంజనీరు సంతకం పెడతాడు. ఇంకా ఎంత గాలి దూరుతోందన్న అంకె మాత్రం అందులో ఎక్కడా ఉండదు. ఎవరూ కొలవలేదు కాబట్టి అంకె లేదు. కొలవమని అడిగిన నాథుడూ లేడు.

ఇంధన పొదుపు భవన నియమావళి మన రాష్ట్రానికి కొత్త కాదు, 2014లోనే తెచ్చుకున్నాం. ఏసీ భవనాల్లో తలుపు చట్రాలు, కిటికీల చుట్టూ ఉండే సందులు, గోడా పైకప్పూ కలిసే చోట్లు, పైపులూ కేబుళ్లూ దూరే రంధ్రాలు మూసేయాలని 2017 నాటి జాతీయ నియమావళి పేరుపేరునా చెప్పింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు వాటంతట అవే మూసుకునే డ్యాంపర్లు (గాలి దారిని మూసే రేకు తలుపులు) ఉండాలని కూడా చెప్పింది. ఇంత చెప్పిన నియమావళి, మూసిన తర్వాత భవనం మొత్తానికి పరీక్ష చేసి చూపించమని అడగలేదు. మెలిక అంతా అక్కడే ఉంది. కాంక్రీటుకు 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి 28వ రోజున మిషన్‌లో పెట్టి పగలగొట్టి చూస్తాం. నీళ్ల లైన్లకు ప్రెషర్ టెస్ట్ చేస్తాం. డాబా మీద గట్లు కట్టి నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ దిగుతుందేమో చూస్తాం. గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాంట్రాక్టరు మాటే ప్రమాణం!

పరికరాలు లేవనీ, ఇది మన దగ్గర కుదిరే పని కాదనీ అనేవారు అదే భవనంలోని సర్వర్ రూమ్ వైపు ఒకసారి చూడాలి. అక్కడ మంటలార్పే గ్యాస్ సిలిండర్లు పెడతారు. గ్యాస్ వదిలాక కనీసం 10 నిమిషాలు గదిలో నిలవాలి గనుక, తలుపుకు ఫ్యాన్ బిగించి గది ఎంత కారుతోందో కొలుస్తారు. అంకె రాకపోతే ఆ వ్యవస్థకు ఆమోదం ఉండదు. అదే ఫ్యాన్, అదే మీటరు. కంప్యూటర్ల గదికి కొలత, మనుషులు కూర్చునే గదులకు సంతకం. ఈ రెండు నాలుకల ధోరణి మీదే మా అభ్యంతరం.

పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రధాన ద్వారానికి అల్యూమినియం చట్రం బిగించి, గట్టి గుడ్డ కప్పి, గాలి ప్రవాహాన్ని కొలిచే ఫ్యాన్‌ను అందులో అమరుస్తారు. బయటి తలుపులూ కిటికీలూ మూసి, లోపలి తలుపులన్నీ బార్లా తెరుస్తారు. ఏసీ యంత్రాలు ఆపేస్తారు. తాజా గాలి తీసుకునే లూవర్లను (పలకల జాలీలను), టాయిలెట్ ఎగ్జాస్టులను పాలిథిన్, టేపులతో కప్పుతారు. ఫ్లోర్ ట్రాపుల్లో, అంటే నేల మీది డ్రైనేజీ జాలీల కింద నీళ్లు నిలిచే గిన్నెల్లో, నీళ్లు పోస్తారు. కొత్త భవనంలో అవి ఎండిపోయి ఉంటాయి, ఈ ఒక్క పని మరిచిపోతే డ్రైనేజీ గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఫ్యాన్ తిప్పక ముందు లోపలికీ బయటికీ సహజంగా ఉన్న పీడన తేడాను అర నిమిషం చూస్తారు. అది 5 పాస్కల్స్ (పాస్కల్ అంటే ఒత్తిడికి కొలమానం) దాటితే ఆ పూట పరీక్ష చెల్లదు. బయట గాలి సెకనుకు 6 మీటర్లకు మించి వీస్తున్నా వాయిదా వేసుకోవాల్సిందే. తర్వాత 10 పాస్కల్స్ దగ్గర మొదలుపెట్టి 50 దాటేదాకా, అంచెకు 10కి మించకుండా, కనీసం ఐదు చోట్ల కొలుస్తారు. ముందు గాలిని బయటికి లాగుతూ ఒకసారి, లోపలికి తోస్తూ ఇంకోసారి. 50 పాస్కల్స్ అంటే గోడలు కూలిపోయేంత ఒత్తిడేమీ కాదు, 5 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు మోపే బరువు. ఆ ఒత్తిడి నిలబెట్టడానికి ఫ్యాన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని తోయాల్సి వచ్చిందో, కంతల్లోంచి అంత గాలి పోతున్నట్టు. దాన్ని భవనం ఘనపరిమాణంతో భాగిస్తే గంటకు ఎన్నిసార్లు గాలి మారుతోందో తెలుస్తుంది. భవనాన్ని చుట్టి ఉన్న గోడలు, కప్పు, నేల వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు ఎంత కారుతోందో తేలుతుంది. ఒక ఫ్యాన్ గంటకు 8 వేల ఘనపు మీటర్ల దాకా తోయగలదు. పెద్ద భవనమైతే నాలుగైదు ఫ్యాన్లు పెట్టుకోవాలి, లేదా అంతస్తుల వారీగా చేసుకోవాలి.

ఈ ఊళ్లలో ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. 50 పాస్కల్స్ దగ్గర గంటకు 20 వేల ఘనపు మీటర్లు కారే భవనంలోకి మామూలు రోజున అందులో ఇరవయ్యో వంతు, అంటే వెయ్యి ఘనపు మీటర్లు దూరుతుందని ఉజ్జాయింపుగా అనుకోవచ్చు. బయట 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న వానాకాలపు మధ్యాహ్నం, లోపల 24 డిగ్రీలు, 50 శాతం తేమ పెట్టుకున్నాం. అప్పుడు ఆ వెయ్యి ఘనపు మీటర్ల గాలి గంటకు సుమారు 13 లీటర్ల నీటిని ఆవిరి రూపంలో లోపలికి మోసుకొస్తుంది. దాన్ని చల్లార్చి ఆరబెట్టడానికి మూడున్నర టన్నులకు పైగా ఏసీ కావాలి. ఇందులో నాలుగింట మూడు వంతుల భారం తేమదే. రాత్రీ పగలూ నడిచే ఆసుపత్రిలో దీని కరెంటు బిల్లు ఎంతవుతుందో ఆలోచించండి. పైగా అలాంటి రోజున బయటి గాలికి మంచు బిందువు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకన్నా చల్లగా ఉన్న ఏ ఉపరితలం తగిలినా నీరు కడుతుంది. ఫాల్స్ సీలింగ్ మీద చల్లటి నీటి పైపులు, డక్టులు ఉంటాయి. అక్కడ కట్టిన నీరు జిప్సం పలకలోకి ఇంకి, చల్లగాలి జాలీల చుట్టూ గోధుమ రంగు మరకలు పడి, ఏడాది తిరిగేసరికి నల్లటి బూజు పడుతుంది. శ్లాబు కారుతోందనుకుని డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తారు. డబ్బు పోతుంది, మరక మళ్లీ వస్తుంది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలో తలుపు రబ్బరు ఒక మూల ఊడితే ఏమవుతుందో అక్కడి ఆపరేటర్‌ను అడగండి. కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటుంది, మిర్చి టిక్కీలకు (బస్తాలకు) చెమ్మ తగులుతుంది. ఆ రబ్బరును సాయంత్రంలోగా మార్పిస్తాడు. సొమ్ము అతనిది మరి. మన ఆఫీసు భవనాల్లో సొమ్ము జనానిది.

కంతలు ఎక్కడుంటాయో సైట్లో పనిచేసే మేస్త్రీలందరికీ తెలుసు. ఫాల్స్ సీలింగ్ వచ్చే ఎత్తు దాకానే గోడకు ప్లాస్టరింగ్ చేస్తారు. పైన మిగిలిన రెండు మూడు అడుగుల గోడ ఎవరికీ కనిపించదు గనుక బ్లాకుల మధ్య సందులు అలాగే వదిలేస్తారు. తేలిక బ్లాకుల గోడ ఆరుతూ కుంచించుకుపోయి బీము కింద సందు పడుతుంది. వారం పది రోజులు ఆగి ఆ సందు నింపమని చెబితే, అదే రోజు సిమెంటు మెత్తి చేతులు దులుపుకుంటారు. ఎలక్ట్రికల్ షాఫ్టులో కేబుల్ ట్రేలు శ్లాబును దాటే చోట ఏ అంతస్తుకా అంతస్తు తెరిచే ఉంటుంది. అద్దాల గోడకూ శ్లాబు అంచుకూ మధ్య ఎడం ఉంటుంది. కిటికీ గ్యాస్కెట్‌ను (రబ్బరు పట్టీని) మూలల దగ్గర సాగదీసి కోస్తారు, ఆరు నెలల్లో అది వెనక్కి లాక్కుపోతుంది. స్ప్లిట్ ఏసీ రాగి పైపు కోసం కొట్టిన రంధ్రంలో థర్మోకోల్ ముక్క కుక్కి పైన పుట్టీ పూస్తారు. వీటిలో చాలావాటికి మందు బ్యాకర్ రాడ్ (సందులో కుక్కే నురుగు కడ్డీ), మంచి సీలెంట్, కాస్త ఓపిక. కరెంటు బిల్లు తగ్గించడానికి తాజా గాలి డ్యాంపరు మూసేసి టాయిలెట్ ఎగ్జాస్టులు మాత్రం నడిపిస్తే, భవనం ఈ కంతలన్నిటి గుండా బయటి తేమను తనే పీల్చుకుంటుంది.

2017 జూన్‌లో వెలగపూడి అసెంబ్లీ భవనంలో ప్రతిపక్ష నేత చాంబర్‌లోకి వాన నీళ్లు దిగితే రాష్ట్రమంతా గగ్గోలెత్తింది, విచారణ దాకా వెళ్లింది. నీరు కళ్లకు కనిపిస్తుంది. గాలి కనిపించదు కాబట్టి ఎవరినీ నిలదీసే పని లేదని అధికారులకు ధీమా.

పరీక్ష పెట్టినా దొంగదారులు ఉంటాయని మాకు తెలుసు. మూయడానికి అనుమతి ఉన్న లూవర్లతో పాటు తలుపు అంచులకు, కిటికీ రైళ్లకు కూడా టేపు వేసేయడం ఒకటి. ఘనపరిమాణం ఎక్కువ వేసి అంకె తగ్గించుకోవడం ఇంకొకటి. ఒకే ఒక్క పీడనం దగ్గర కొలిచి ముగించడం మరొకటి. అందుకే ఈ పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9972 అన్ని చోట్ల కొలతలనూ గ్రాఫు మీద పెట్టమంటుంది. గీత సరిగా కుదరకపోయినా, దాని ఘాతాంకం (ఒత్తిడి పెరిగే కొద్దీ కారే గాలి ఏ తీరున పెరుగుతోందో చెప్పే అంకె) 0.5కూ 1కీ మధ్య లేకపోయినా ఆ పరీక్షను నమ్మకూడదు. ఫ్యాన్ సరిగా కొలుస్తోందని చెప్పే క్యాలిబ్రేషన్ కాగితం, టేపు ఎక్కడెక్కడ వేశారో ఫొటోలు నివేదికలో ఉండాలి. పరీక్షకుడికి డబ్బు కాంట్రాక్టరు ఇవ్వకూడదు.

మన వేడికి గాలాడాలి గానీ గాలి బిగించడమేమిటని కొందరు వాదిస్తారు. ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారు. కిటికీలు తెరుచుకుని బతికే ఇళ్ల జోలికి మేం వెళ్లడం లేదు, నియమావళి కూడా వాటిని మినహాయించింది. ఏసీ భవనానికి తాజా గాలి ఫిల్టరు గుండా, కావలసినంత, మనం పెట్టిన దారిలో రావాలి. కేబుల్ షాఫ్టు దుమ్ములోంచి కాదు. ఇక ఖర్చు మాటకొస్తే, మొత్తం భవనం అంచనాలో పరీక్ష ఖర్చు రూపాయికి ఎన్ని పైసలు?

ఇంగ్లండ్ 2002లోనే పెద్ద భవనాలకు ఈ పరీక్ష మొదలుపెట్టింది. 2022 జూన్ నుంచి 50 పాస్కల్స్ దగ్గర చదరపు మీటరుకు గంటకు 8 ఘనపు మీటర్లు మించకూడదంటోంది. అమెరికా నమూనా నియమావళి 2012లోనే వేడి ప్రాంతాల ఇళ్లకు కూడా అదే ఒత్తిడి దగ్గర గంటకు 5 గాలి మార్పిళ్ల హద్దు గీసింది. మనం ఆ అంకెలే పెట్టుకోవాలని లేదు. ఏదో ఒక అంకె పెట్టుకోకుండా తప్పించుకోవడమే తప్పు.

మాకు అన్నిటికన్నా ఆందోళన కలిగిస్తున్నది ఇప్పుడు పడుతున్న ఆనవాయితీ. సొంత భవనాలను కొలత లేకుండా స్వాధీనం చేసుకునే ప్రభుత్వం, రేపు బెంజి సర్కిల్ దగ్గర షాపింగ్ మాల్ యజమానిని ఏ మొహంతో కొలత అడుగుతుంది? సచివాలయానికి లేని పరీక్ష మాకెందుకని అతను అడిగితే నగరపాలక సంస్థ దగ్గర జవాబు ఉండదు. ఒక్క ఫైలులో చెల్లిన సంతకం వంద ఫైళ్లకు నమూనా అవుతుంది. ఆ తర్వాత నియమం రాసినా దాన్ని నీరుగార్చే దారి అప్పటికే పడిపోయి ఉంటుంది.

చేయాల్సింది ఇంత. ఏసీ భవనాల టెండర్లలో హద్దు అంకె రాయాలి. మొదటి పరీక్ష ఫాల్స్ సీలింగ్ వేయకముందే, కంతలు చేతికి అందుతున్నప్పుడే చేయాలి. ఫ్యాన్ తిరుగుతుండగా అగరుబత్తి పట్టుకుని గోడ వెంట నడిస్తే పొగే చోటు చూపిస్తుంది. రెండో పరీక్ష అప్పగింతకు ముందు జరగాలి. సీసీ కెమెరాల వాళ్లు, స్ప్రింక్లర్ల వాళ్లు, ఇంటర్నెట్ కేబుళ్ల వాళ్లు మొదటి పరీక్ష తర్వాతే వచ్చి కొత్త రంధ్రాలు కొడతారు మరి. రెండో అంకె హద్దు దాటితే ఆఖరి బిల్లు ఆపాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. రెండు నివేదికలూ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ), విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలూ జనం చూసేలా పెట్టాలి.

ఇప్పటికే 'సీల్ చేయడమైనది' అన్న కాగితాల మీద సంతకాలు పెట్టిన ఇంజనీర్లను ఒక్క ప్రశ్న అడుగుతున్నాం: ఇంకా ఎంత గాలి దూరుతోంది? చెప్పగలిగితే అంకె చెప్పండి. చెప్పలేకపోతే వచ్చే ప్రారంభోత్సవానికి రిబ్బను కొనే ముందు ఫ్యాన్ తెప్పించండి.