హెడ్ గ్యాస్కెట్ గారికి సానుభూతి లేఖ

మహారాజశ్రీ హెడ్ గ్యాస్కెట్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, మీ మీద ఇవాళ కూడా కేసు పెట్టారు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. ఇంజన్ సిలిండర్‌కూ, దాని మూత అయిన హెడ్‌కూ మధ్య బిగించిన పల్చటి రేకు మీరు. సిలిండర్ పొగ, ఆయిల్, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూడటం మీ ఉద్యోగం.

ఇంజన్‌కున్న ఆయిల్ చూసే గాజు కిటికీలో పాలెక్కువైన కాఫీ రంగు (ఆయిల్లో కూలెంట్ కలిసిన గుర్తు) కనిపించడమే ఆలస్యం, మెకానిక్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజన్ దించాలి" అనేస్తాడు. కూలెంట్ బురదగా ఉన్నా మీరే, జిగురుగా ఉన్నా మీరే, ట్యాంకులో మట్టం తగ్గినా మీరే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్లన్నీ మీ ఒళ్లోనే.

2008లో యమహా ఆర్15 వచ్చాకే మన వీధుల్లో రేడియేటర్ ఉన్న బైకులు మామూలయ్యాయి. అలాంటి బండ్లు ఇప్పుడు పాతబడ్డాయి, మీకు కోర్టు పక్షులన్న పేరొచ్చింది.

అసలు ముద్దాయి చాలాసార్లు కూలెంట్‌ను ఇంజన్లో తిప్పే వాటర్ పంపులో హాయిగా కూర్చుని ఉంటాడు. పంపు షాఫ్టు ఒక కొస కూలెంట్‌లో, రెండో కొస ఇంజన్ ఆయిల్ వైపు. మధ్యలో రెండు సీళ్లు, వాటి నడుమ కిందికి తెరుచుకునే చిన్న రంధ్రం. అందులోంచి కూలెంట్ కారితే నీళ్ల వైపు సీలు అరిగినట్టు, ఆయిల్ కారితే రెండోది. పంపు కింద వేలితో తడిమితే చాలు, తెలిసిపోతుంది. కానీ ఆ రంధ్రాన్ని ఏళ్ల తరబడి పేరుకున్న బురద, గ్రీజు కప్పేస్తాయి. కారుతోందని ఎం-సీల్ పెట్టి మూసిన ఘనులూ ఉన్నారు! ఇక సీళ్లు రెండూ అరిగాక కూలెంట్‌కు బయటికి దారి లేక ఆయిల్లోకే దిగుతుంది. బిల్లు మాత్రం మీ పేరు మీద.

"నీళ్లే కదా" అంటూ డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్లు పోసేవారు, రకం చూడకుండా ఉన్నదాని మీద కొత్త కూలెంట్ కలిపేవారు ఇంకో తెగ. లోపల సున్నం, తుప్పు, జిగురు. ఇందులో మీ ప్రమేయం ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

మీరు నిజంగా పోయారో లేదో తేల్చడం బ్రహ్మవిద్యేం కాదు. చల్లారిన ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి (వేడి మీద తీస్తే మొహం కాలుతుంది) స్టార్ట్ చేయాలి. లోపల చిక్కుకున్న గాలి పోయాక కూడా బుడగలు ఆగకపోతే అనుమానించాలి. పైకొచ్చే ఆవిరిని టెస్టర్‌లోని నీలం ద్రవం గుండా పంపితే అది పసుపుపచ్చగా మారిందా, సిలిండర్ పొగ కూలెంట్లో కలుస్తున్నట్టే. అప్పుడు మిమ్మల్ని బోనెక్కించొచ్చు. ఇవేవీ చూడకుండా ఇంజన్ విప్పడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఒకవేళ మీరే దోషి అని తేలితే మార్చేస్తారు, తప్పదు. కాకపోతే హెడ్ వంగిందేమో స్కేలు పెట్టి చూడమని గట్టిగా చెబుతాను. వంకర హెడ్ కింద మీ వారసుణ్ణి బిగిస్తే, పాపం, వాడి మీదా ఇదే కేసు.

ఇట్లు,
మీ తరఫు వకీలు, ఫీజు తీసుకోనివాడు